మెట్ల మలుపులో బీరువా

బీరువా ముందుకూ రాదు, వెనక్కూ పోదు అని తేలిపోయాక కింద మోసేవాళ్లు చేతులు దులుపుకున్నారు. అప్పుడు ఆమెకు అర్థమైంది, తాను పైనే చిక్కుబడిపోయానని. మోసేవాళ్లిద్దరూ కిందే, భర్తా కిందే, ఆడపడుచూ కిందే. ఎక్కడ పెట్టాలో చూపిస్తానంటూ ముందుగా మెట్లెక్కి వచ్చిన పాపానికి తానొక్కతే పైన. మధ్యలో, మెట్లు మలుపు తిరిగేచోట, ఒక భుజం గోడకీ ఒక భుజం రెయిలింగుకీ ఆనించి, పోయిన అమ్మ చెక్కబీరువా. అమ్మ బతికున్నప్పుడూ అంతే, ఒకసారి అడ్డం నిలబడిందంటే ఎవరివల్లా కదిలేది కాదు, అనుకుంది, నవ్వొచ్చింది, సగంలోనే ఆగిపోయింది. "వదినా, కంగారుపడకు, వడ్రంగి కోసం మనిషి వెళ్లాడు!" అని ఆడపడుచు కేక. "ఆ రెయిలింగు మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యకండి బాబూ, నూరేళ్ల నాటిది, పాత కట్టడాల జాబితాలో ఉంది, గీత పడినా మునిసిపాలిటీవాళ్లు ఊరుకోరు" అని భర్త. మోసేవాళ్లలో బొంగురు గొంతు ఉన్నతను "నూరేళ్ల నాడు జనం బీరువాలు లేకుండానే బతికారు కదండీ" అంటున్నాడు. బతికారు, అని ఆమె పైనుంచి మనసులోనే జవాబు చెప్పింది, మేకులకు బట్టలు తగిలించుకుని, మంచం కింద రేకుపెట్టె తోసుకుని, ఒక్కో గదిలో అయిదేసిమంది బతికారు, నాకు తెలుసు. కానీ తెలుసన్న సంగతి ఆ కిందనున్న వాళ్లలో ఎవరికీ తెలియదు. అదీ అసలు చిక్కు.

ముందు గదిలోంచి వెనక గదిలోకీ, వెనక గదిలోంచి ముందు గదిలోకీ తిరిగింది. తిరగడానికైనా ఎంత ఉంది గనక. ఈ వీధిలో ఇళ్లన్నీ ఒకే మూసలో పోసినవి, మిల్లువాళ్లు పనివాళ్ల కోసం కట్టించినవి, ఇటుక మీద ఇటుక, గోడకి గోడ. ఒక ఇంట్లో దగ్గితే పక్కింట్లో నీళ్లు తాగుతారని నాన్న అనేవాడు. ఏ ఇంట్లోకి వెళ్లినా కాళ్లకి దారి తెలిసిపోతుంది. మొదటిసారి ఇల్లు చూడ్డానికి వచ్చినరోజు బ్రోకరు "అమ్మా, ద్వారబంధం కాస్త పొట్టి" అనబోతూ ఉండగానే ఆమె తల వంచేసింది, భర్త మురిసిపోయాడు, "చూశావా, ఇల్లు నిన్ను ఒప్పేసుకుంది" అన్నాడు, అప్పుడు చెప్పాల్సింది. ఇల్లు ఒప్పుకోవడం కాదండీ, తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఇలాంటి ద్వారబంధం కిందే పెరిగాను, ఈ వీధిలోనే, మిల్లు ప్రహరీని ఆనుకుని ఉన్న చివరిల్లు మాది, అని. చెప్పలేదు. ఆయన డ్రాయింగు మాస్టారు, ఇటుకల రంగు చూసి మైమరచిపోయే మనిషి, గోడ మీద అరచెయ్యి పెట్టి గుర్రాన్ని నిమిరినట్టు నిమురుతున్నాడు, ఆ మొహం చూసి ఇంటికెళ్లాక చెబుదాంలే అనుకుంది. ఇంటికెళ్లాక అన్నం వండాలి. మర్నాడు కళ్లద్దాల దుకాణంలో పని. తర్వాత అడ్వాన్సు ఇచ్చేశారు, ఇచ్చాక చెబితే ముందే ఏడవలేకపోయావా అంటాడు, తర్వాత బ్యాంకు లోను, ఇద్దరూ రిటైరయ్యేదాకా తీరని లోను, తర్వాత సంతకాలు. చిన్న అబద్ధం కూడా ఆడలేదు తను. ఉత్తి మౌనమే. మౌనానికి ఇంత బరువుంటుందని ఎవరు అనుకున్నారు.

ఊళ్లో మరెక్కడా కొనలేమని తేలాకే ఇక్కడికొచ్చారు, అది నిజం. ఎక్కడ చూసినా వాళ్ల జీతాలకి వాకిలి దొరుకుతుంది గానీ ఇల్లు దొరకదు. అయినా కాదనొచ్చు, తేమ అనో, ఎలుకలనో ఏదో ఒక వంక పెట్టొచ్చు, ఆడవాళ్లకి వంకలు కరువా. పెట్టలేదేం? తనకీ కావలసి వచ్చిందా ఈ వీధి? నాన్నకి చెప్పినప్పుడు ఆయన భోంచేస్తున్నాడు. ముద్ద నోటి దగ్గరే ఆగింది. "ఏ వీధి?" అన్నాడు, వీధి పేరు ముందే చెప్పినా. తర్వాత "వెనకవైపు ఎండ బాగా వస్తుంది, పొద్దుటిపూట" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇల్లు అన్న మాట ఆయన నోట రాలేదు, సామాను సర్దేరోజు కూడా బీరువాలో అమ్మ బట్టలు తీసి మడతపెట్టి ఇచ్చాడే గానీ ఎప్పుడొస్తారు నాన్నా అంటే మోకాళ్లు నొప్పులన్నాడు. ఆయన మోకాళ్లు ఇప్పటికీ లిఫ్టు చెడిపోయినప్పుడల్లా ఏడంతస్తులు ఎక్కుతాయి.

కింద ఏదో దబ్బుమంది. "ఏం కాలేదు, ఏం కాలేదు" అని అందరూ ఒకేసారి అన్నారు, అంటే ఏదో అయ్యిందన్నమాట. అడకత్తెరలో పోకచెక్క అని అమ్మ ఎప్పుడూ అంటూండేది, ఎవరి గురించి అనేదో చిన్నప్పుడు తెలిసేది కాదు. సమ్మె మొదలైనప్పుడు అందరితోపాటు నాన్నా గేటు బయట కూర్చున్నాడు. రంగుల విభాగంలో ఆయన పని, మోచేతులదాకా నీలం, ఎంత తోమినా గోళ్ల అంచుల్లో పోయేది కాదు. గేటు బయట కూర్చున్న రోజుల్లోనే ఆ నీలం కొంచెం కొంచెం వెలిసింది, నాన్న చేతులు మామూలు మనుషుల చేతుల్లా అవడం చూసి తనకి భలే సంతోషమేసింది. తర్వాత ఒకరోజు పొద్దున్నే నాన్న లేచి చొక్కా తొడుక్కుని, టిఫిను డబ్బా పట్టుకుని, కూర్చున్నవాళ్ల మధ్యలోంచి నడిచి గేటు దాటి లోపలికి వెళ్లాడు. ఒక్కడే. మర్నాడు ఇంకొందరు. ఆ తర్వాత సమ్మె కూలిపోయింది, మొదటినుంచీ గట్టిగా నిలబడ్డవాళ్లని మళ్లీ పనిలోకి తీసుకోలేదు. తర్వాత వెళ్లినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. మొదట వెళ్లినవాడికి మాత్రం పేరే మారిపోయింది. గేటు దాటినోడు. అమ్మ కడుపుతో ఉంది, కడుపులో తమ్ముడు, ఇంట్లో పొయ్యి వెలగాలిగా అని నాన్న ఒకే ఒక్కసారి అన్నాడు, గోడకేసి చూస్తూ, ఎవరూ అడగకుండానే. తనకి తెలిసిందల్లా తాడాటలో తను దూకబోయేసరికి తాడు కింద పడిపోవడం. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. తాడు పట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలూ చేతులు వదిలేసేవాళ్లు, నేల మీద తాడు పాములా పడి ఉండేది, తను నిలబడి ఉండేది. కిరాణా దుకాణంవాడు అమ్మ అడిగిన సరుకు బల్లమీద పెట్టేవాడు, డబ్బు తీసుకునేవాడు, మాట మాత్రం ఉండేది కాదు. అమ్మ మాటల మనిషి. వీధి ఈ చివర మొదలుపెట్టి ఆ చివరదాకా ప్రతి గడప దగ్గరా ఆగి పలకరించుకుంటూ వెళ్లే మనిషి. తమ్ముడు పుట్టాక కూడా పలకరించడానికి ఎవరూ రాలేదు. ఏడాది తిరక్కుండా నాన్న ఊరికి అవతలి చివర ఏడో అంతస్తులో ఇల్లు చూశాడు, అక్కడ కిటికీలోంచి చూస్తే మేఘాలూ, కాకులూ తప్ప మాట్లాడే ప్రాణి లేదు. ఆ ఇంట్లోకి అమ్మ కొనుక్కున్న మొదటి వస్తువు ఈ బీరువా. మనుషులతో మాట్లాడినట్టే దానితోనూ మాట్లాడేది, తలుపు తీస్తూ "ఏమ్మా, మళ్లీ బిగుసుకున్నావా" అని.

ముందు గది కిటికీలోంచి చూస్తే వీధి మారిపోయింది. మిల్లు పొగగొట్టం ఉంది గానీ పొగ లేదు. లోపల ఫ్లాట్లూ, ఒక కాఫీ హోటలూ, ఇనుప చక్రాలకి వార్నీషు పూసి బల్లలు చేశారట, భర్త చూసొచ్చి చెప్పాడు. తలుపులకి కొత్త రంగులు, కిటికీల్లో పూలకుండీలు, కుక్కని నడిపించుకుంటూ వెళ్లే గడ్డం కుర్రాడు. ఎవరున్నారిక, పాతవాళ్లు పోయి ఉంటారు, లేదా వెళ్లిపోయి ఉంటారు, ఉన్నా నన్నెవరు గుర్తుపడతారు, అప్పుడు రెండు జడల పిల్లని, ఇప్పుడు జుట్టుకి రంగేసుకునే మనిషిని. ఈ లెక్కతోనే సంతకం పెట్టింది. అయినా పొద్దున లారీ దిగినప్పటినుంచీ తేలు కుట్టిన దొంగలా తల వంచుకునే తిరుగుతోంది. ఉక్కగా ఉంది. గాలి కోసమని వెనక గదిలోకెళ్లి కిటికీ తీసింది.

వెనక సందు మనిషి చేతులు బార్లా చాపితే రెండువైపుల గోడలూ తగిలేంత. ఎదుటి వరస ఇంటి పై కిటికీలో ఒక ముసలావిడ తీగమీద బట్టలు ఆరేస్తోంది. తడి గుడ్డని ఒక్క విదుపు విదిపింది, ఫట్‌మని కొరడా పేలినట్టు. ఆ విదుపు ఆమెకు తెలుసు. వీధి మొత్తంలో అలా విదిపేది ఒక్కరే. దూది పిన్ని. దూది ఏకే విభాగంలో పనిచేసేది, జుట్టులో ఎప్పుడూ దూదిపింజలు, పిల్లలంతా దూది పిన్నీ అని వెంటపడితే ఒక్కో పింజా తీసి ఊది ఎగరేసేది. ఆవిడ భర్తా, నాన్నా ఒకే రంగుతొట్టి దగ్గర పనిచేసేవాళ్లు, ఒకే బీడీ చెరి సగం కాల్చేవాళ్లు. ఆమె చప్పున కిటికీ పక్కకి తప్పుకుంది. తప్పుకునేటప్పటికే ఆలస్యమైంది.

"ఎవరమ్మా కిటికీలో?"

ఆవిడ మొహం ఎత్తి చూసింది. కళ్లద్దాల దుకాణంలో ఇన్నేళ్లుగా పనిచేస్తున్న మనిషికి ఆ చూపు చూడగానే తెలిసిపోయింది, రెండు కళ్లలోనూ పాలు కలిపినట్టు తెల్లటి పొర, బాగా ముదిరింది, ఈ దూరానికి మనిషి ఆకారం తప్ప మొహం తెలియదు. భగవంతుడా, అనుకుంది, ఒకరి కళ్లు పోయాయని ప్రాణం కుదుటపడటం ఎంత పాపం, అనుకుంటూనే కిటికీ దగ్గరికి వచ్చింది.

"కొత్తగా దిగుతున్నామండీ."

"బీరువా ఇరుక్కుందటగా. వీధంతా అదే మాట. అద్దెకా, కొన్నారా?"

"కొన్నామండీ."

"అందరూ కొనేవాళ్లే. మాకు అద్దెకిచ్చినాయనా అమ్మేస్తానంటున్నాడు. వచ్చే ఏడు నేనెక్కడుంటానో." వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అంది. ఇంకో గుడ్డ తీసింది, విదపలేదు. "ఏదీ, ఇంకోసారి మాట్లాడు."

"ఏం మాట్లాడమంటారు?"

"అదే. మాట చివర ఎత్తి వదులుతావే, అదే. చివరింట్లో ఒకావిడ ఉండేది, ఇలాగే మాట్లాడేది. ఆవిడకేమవుతావు నువ్వు?"

ఎవరావిడ, నాకు తెలియదండీ, అనొచ్చు. ఒక్క మాట. కళ్లు లేని మనిషి, గొంతు ఒకటే సాక్ష్యం, ఏ కోర్టులో నిలుస్తుంది. కానీ ఆ మాటా ఈ గొంతుతోనే అనాలి కదా, ఎంత దాచినా చివర ఎత్తి వదలడం పోదు కదా, రేపు ఈ కిటికీ తియ్యకుండా ఉండగలనా, ఎల్లుండి, ఆ పై ఏడు, బ్యాంకు వాళ్లకి కట్టినన్నాళ్లూ గొంతు లేకుండా బతకాలా, నాన్న అలాగే బతికాడు, ఏడో అంతస్తులో, తిన్నావా అంటే తిన్నాను, పడుకున్నావా అంటే పడుకున్నాను. వెనక్కి వెళదామంటే వెనక బీరువా. ఉమ్మడి గోడ అవతల ఎవరిదో రేడియో. కిటికీ చువ్వలు పట్టుకుంది, చువ్వలు వేడిగా ఉన్నాయి, పొద్దుటి ఎండ, నాన్న చెప్పినట్టే.

"కూతుర్ని."

"గేటు దాటినోడి కూతురివా."

"అవును, పిన్నీ." పిన్నీ అన్న మాట తను అనలేదు, అదే వచ్చేసింది.

ముసలావిడ చేతిలో తడి చొక్కా నీళ్లు కారుతూనే ఉంది. "ఉన్నాడా?"

"ఉన్నాడు. అమ్మే లేదు."

"మా ఆయనా లేడు. మళ్లీ మిల్లు మెట్టెక్కనివ్వలేదు ఆయన్ని, బస్తాలు మోసి మోసి పోయాడు." చొక్కాని ఇంకోసారి పిండి, "మీ అమ్మ కడుపుతో ఉందని వెళ్లాడన్నారు. నాకూ అప్పుడు నెలలు నిండాయి" అంది. కోపంగా కాదు. ఎవరికో దారి చెప్పినట్టు. చొక్కాని తీగమీద సగం వేసి సగం వెయ్యకుండానే లోపలికి వెళ్లిపోయింది.

ఏదన్నా అనాల్సింది. ఏమనాలి, క్షమించమనా, ఎవరి తరఫున, తొమ్మిదేళ్ల పిల్ల తరఫునా, నీలం చేతుల ఆయన తరఫునా, కడుపులో ఉన్న తమ్ముడి తరఫునా. అప్పుడు నాన్న గేటు దాటాడు, ఇప్పుడు నేను ఇల్లు కొన్నాను, పిన్ని మాత్రం అప్పుడూ ఇప్పుడూ బయటే. అలా అనుకోవడం కూడా సుఖంగానే ఉంది, పెద్ద మాటలన్నీ సుఖంగానే ఉంటాయి, తీగమీద ఆ చొక్కా ఒక చెయ్యి కిందికి వేలాడుతూ ఉంది, దాన్ని చూడటమే కష్టంగా ఉంది. ఎంతసేపు నిలబడిందో. ఇంతలో ఆ గొంతే మళ్లీ వినిపించింది, ఈసారి ఎదుటినుంచి కాదు, కిందనుంచి. వీధి వాకిట్లోంచి. ఇంట్లోంచి.

పరుగెత్తింది. మెట్ల మలుపుదాకా వెళ్లి బీరువా వీపుకి కొట్టుకుంది, పలక సందుల్లోంచి వెలుతురు చారలు తప్ప ఏమీ కనిపించదు. చెవి ఆనించింది. అమ్మ బట్టల వాసన. దూది పిన్ని మాట్లాడుతోంది, మాటలు చెక్కలో పడి ఇంకిపోతున్నాయి, "పైనున్న అమ్మాయి" అన్నది వినిపించింది, "చివరిల్లు" అన్నది వినిపించింది, తర్వాత భర్త గొంతు, "అవునా!" అని, తర్వాత ఆడపడుచు ఏదో అడగడం, మళ్లీ పిన్ని, నెమ్మదిగా, పొడుగ్గా. ఏం చెబుతోంది. ఎక్కడిదాకా చెప్పింది. భుజంతో తోసింది, ఇద్దరు మగాళ్లు కదపలేనిదాన్ని. నేను చెప్పాల్సినదాన్ని ఇంకొకరు చెబుతుంటే గోడవతల నిలబడి వినాల్సి రావడం, అదీ వినపడకుండా. "ఏమండీ!" అని అరిచింది. "ఏమండీ!"

"ఉండు, ఇక్కడే ఉన్నా! వడ్రంగి వచ్చాడు!" భర్త గొంతులో పండగలా ఉంది. "నువ్వు ఈ వీధిలోనే పుట్టావటగా! ఇన్నాళ్లూ చెప్పలేదేం? ఈవిడకి మీ అమ్మగారు బాగా తెలుసట!"

అమ్మగారు. అమ్మగారు తెలుసట. అంతేనా.

వడ్రంగి బీరువాని వేలి కణుపులతో అక్కడక్కడా కొట్టి చూశాడు, ఆమె చెవి పక్కనే. "అమ్మా, కోస్తే తప్ప కదలదు. పైభాగం వేరు, కిందిభాగం వేరు చేసి, పైకి తీసుకెళ్లాక కలుపుతాను. నిలబడుతుంది. కాకపోతే గీత కనబడుతుంది, ముందే చెబుతున్నా." "వదినా, మీ అమ్మగారి బీరువా కదా, నీ ఇష్టం" అని ఆడపడుచు. ఆలోచించేలోగానే తన గొంతు తనకే వినిపించింది. "కొయ్యండి."

రంపం నడిచినంతసేపూ పై మెట్టు మీద కూర్చుంది. చెక్క పొట్టు సన్నగా, పసుపుపచ్చగా మెట్లమీద రాలింది. పైభాగం ఊడి పక్కకి జరగగానే ఆ ఖాళీలోంచి కిందనున్న మొహాలన్నీ ఒక్కసారిగా ఆమెవైపు తిరిగాయి. మిగిలిన సగం మీదుగా కాలు వేసి, వడ్రంగి చెయ్యి పట్టుకుని దిగింది. దూది పిన్ని వాకిట్లో నిలబడే ఉంది, ఇంత దగ్గరనుంచి చూస్తే ఇంత చిన్న మనిషా అనిపించింది. చేత్తో తడిమి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆప్యాయంగా కాదు, ఎంత లావైందో చూస్తున్నట్టు.

"గేటు సంగతి మీ ఆయనకి చెప్పలేదు" అంది, మెల్లగా. "ఎప్పటికీ చెప్పనని మాత్రం అనుకోకు. వీధికి తెలియాల్సిందే." చెయ్యి వదిలేసి గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది.

"ఏమంటున్నారావిడ?" భర్త ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, భుజం మీద చెక్క పొట్టు. వెనక సగం బీరువా, ముందు ఆడపడుచూ, మోసేవాళ్లిద్దరూ, రంపం తుడుచుకుంటున్న వడ్రంగీ. అందరూ వెళ్లాక చెబుదాం. సామాను సర్దాక చెబుదాం. అన్నం తిన్నాక. ఈ వరస ఆమెకు బాగా తెలుసు, ఎక్కడికి పోతుందో కూడా తెలుసు.

"ఆవిడ భర్తా, మా నాన్నా ఒకే చోట పనిచేసేవాళ్లు" అంది. "సమ్మె జరిగింది. అందరికంటే ముందు మా నాన్న లోపలికి వెళ్లాడు. ఆయన వెళ్లబట్టే తక్కినవాళ్లూ వెళ్లారు. ఆవిడ భర్తకి పని పోయింది. వీధిలో మాతో ఎవరూ మాట్లాడలేదు. అందుకే వెళ్లిపోయాం."

ఎంత చిన్న కథ. ఇన్నాళ్లూ మొయ్యడానికి ఇంతేనా ఉంది. భర్త చెయ్యి అలవాటుగా ఇటుకగోడ మీదికి వెళ్లి, ఆనకుండానే కిందికి దిగింది.

"మావయ్యగారు ఇక్కడికి రానన్నది..."

"అందుకే."

"మరి నువ్వెందుకొప్పుకున్నావు?"

"తెలియదు" అంది. నిజంగానే తెలియదు. ఆయన ఆమె మొహంలోకి చూశాడు, కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది, రాలేదు. చివరికి "ఇల్లిక అమ్మలేం" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. "తెలుసు" అంది.

వాళ్ల సంసారం తేలేదాకా ఆగేందుకు బొంగురు గొంతు అతనికి తీరిక లేదు, మధ్యాహ్నం ఇంకో ఇల్లు మార్చాలి. గొంతు సవరించుకుని, "అమ్మా, పైన ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

"వెనక గదిలో."

అతను మెట్లెక్కి వెళ్లి చూసి, మలుపులోంచి తొంగి చూశాడు. "గది చిన్నదండీ. కిటికీకి అడ్డంగా పెడితేనే సరిపోతుంది. లేదంటే నడవడానికి చోటుండదు."

ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. పైకి రెండు మెట్లెక్కి అతనికి వినబడేలా చెప్పింది.

"నడవడానికి లేకపోతే లేకపోయింది. కిటికీకి అడ్డం పెట్టకండి."